తొలిపాల చెయ్యి

శనివారం తెల్లవారుజామున బసన్న ఇంట్లో ఎనుము ఈనింది. పొద్దు పొడవక ముందే హులిగమ్మకు కబురొచ్చింది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే హొన్నకుంట వస్తుంది. ఆ ఊళ్లో ఏ కొట్టంలో ఆవు గానీ ఎనుము గానీ ఈనినా తొలిపాలు పిండాల్సింది హులిగమ్మే. తక్కిన ఆడవాళ్లకు పిండడం రాక కాదు. ఆమె చేయి మంచిదని ఊరి నమ్మకం. ఆ చేయి పడితే తన్నే గొడ్డు కూడా కుదురుగా నిలబడి చేపుతుందని, ఆ ఈత మొత్తం పాలకు కొదవ ఉండదని చెప్పుకుంటారు. నరం లేని నాలుక, చెప్పుకోవడానికి ఏం పోయింది? కానీ ఊరు నోరారా మంచి చెప్పుకునేది ఎంతమంది గురించి గనక! ఎకరన్నర పత్తి చేను, ఒక జెర్సీ ఆవు, మొగుడు కాశప్ప తప్ప మరేమీ లేని హులిగమ్మకు ఆ పేరే ఆస్తి. యాభై దాటిన ఈ వయసులో కూడా ఎవరైనా "హులిగమ్మక్కా, మా ఆవు ఈనినాది, రావల్ల" అంటే ఆమె నడకలో ఎక్కడలేని బెట్టు వచ్చేస్తుంది.

బసన్న ఊళ్లో మాట చెల్లే మనిషి. కొట్టంలో అన్నీ సిద్ధం చేయించి ఉంచాడు. పళ్లెంలో తమలపాకులు, బెల్లం ముక్క, పసుపు. దూడను నాలుగు గుక్కలు తాగనిచ్చి, లాగి తల్లి మూతి ముందు కట్టారు. అది దూడను నాకుతూ నిలబడింది. హులిగమ్మ కుచ్చెళ్లు ఎగదోపి, ఎనుము పక్కన గొంతుక్కూర్చుని, ఇత్తడి చెంబును మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. పొదుగు మీద చెయ్యేసి ఉరుకుంద ఈరన్నస్వామిని తలుచుకుంది. మొదటి ధార తీసి, రెండు వేళ్లు ఆ పాలలో ముంచి చన్నులు తడిపి, బొటనవేలు లోపలికి మడిచి లాగడం మొదలుపెట్టింది. పసుపుపచ్చని చిక్కటి పాలు చెంబు అడుగున చప్పుడు లేకుండా పడుతున్నాయి.

వెనక కుడి చన్ను మీదికి పోయేసరికి అరచేతికి వేడి తగిలింది. తక్కిన మూడింటి కంటే అది బిగుసుగా ఉంది. లాగితే ధార రాలేదు. తెల్లని పీలిక ఒకటి ఊడిపడి, దాని వెనక ఎర్రజీర కలిసిన పాలు వచ్చాయి.

"అన్నా, ఈ సన్ను కాకగా ఉండాది సూడు. పాలు పీసులు పీసులుగా పడతాండాయి" అంది.

"ఈనిన కాకలేమ్మా. నీ సెయ్యి పడినంక ఇంగ దానికేమైతాది?" అన్నాడు బసన్న, గుంజకు ఆనుకుని.

ఆ మాట ఆమెకు తీయగానే ఉంది. ఈనిన కొత్తలో పాలలో నెత్తురు చాయ కనిపించడం ఆమె ఎరగనిదీ కాదు. ఆ పాలను కూడా చెంబులోకే పట్టింది. పాలు నేల మీద పోస్తే పాడి పోతుందని ఆమెకు నేర్పినవాళ్లు చెప్పారు.

ఆ ఊళ్లో ఇంకొక పద్ధతి ఉంది. తొలిపాలు పిండిన చేయి కడుక్కోకూడదు. పాడి పాడిని పిలుస్తుందట. చేతి మీద ఆ జిగట ఆరకముందే ఇంకో పశువు పొదుగుకు తగిలిస్తే, ఈ కొట్టంలోని కలిమి ఆ కొట్టానికీ నడిచిపోతుందట. అందుకని హులిగమ్మ కుడిచేతిని చీరకు తగలనివ్వకుండా ఎడంగా పట్టుకుని, ఎడమచేత జున్నుపాల గిన్నెతో వీధిలోకి వచ్చింది. ఆడవాళ్లు అప్పటికే గడపల్లో కాచుకుని ఉన్నారు.

"ముందు మా ఇంటికక్కా" అంటూ పాలకేంద్రం నడిపే తిరుపాల్ భార్య చేయి పట్టుకోబోయి, జిగట పోతుందని ఆగి, కొంగు పట్టుకుని లాక్కుపోయింది. మాదన్న కోడలు ఆవును గడప దాకా తోలుకొచ్చింది. సుంకప్ప ఇంట్లో రెండు ఎనుములు. ప్రతిచోటా హులిగమ్మ నాలుగు చన్నులనూ పైనుంచి కిందికి నిదానంగా నిమిరింది. ప్రతిచోటా ఆమె నోట్లో బెల్లం ముక్క పెట్టారు.

వీధి చివర, పశువులు నీళ్లకని వంకలోకి దిగే దారి పక్కన ఉమాదేవి ఉంటుంది. ఆ రేకుల పాకను ఇల్లనడం మర్యాద కోసమే. మొగుడు దుర్గప్ప ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ, వారానికొకసారి వచ్చిపోతాడు. వాళ్లు కైరుప్పల దిక్కు నుంచి ఈ ఊరికి వచ్చి మూడేళ్లయింది. మూడేళ్లంటే ఊరి లెక్కలో నిన్న మొన్న. ఆమెకు పశువులు లేవు. పద్దెనిమిది నాటుకోళ్లున్నాయి, గుడ్లు ఎమ్మిగనూరు సంతకు పోతాయి. ఆ పొద్దు ఆమె పాక ముందు నేల మీద కూర్చుని, ఒక పెట్టను ఒళ్లో పెట్టుకుని దాని మెడ నిలబెట్టాలని చూస్తోంది. చేయి తీయగానే మెడ మెలిపడి వెనక్కి వాలిపోతోంది.

"అక్కా, కొంచెం నిలబడు. దీనికేమైనాదో సూడు. రాతిరి నుంచి మేత ముట్టలే. పచ్చగా పారుకుంటాండాది" అంది.

పెట్ట నోరు తెరిచి గాలి కోసం ఆవులిస్తోంది. గంప కింద ఇంకో మూడు ఈకలు నిక్కబొడుచుకుని ముడుచుకున్నాయి.

"కొక్కెర తెగులు మాదిరి ఉండాది. సూది ఏపించలేదా?"

"అడిగినానక్కా. సీసా తెరిస్తే ఆ పూటకే అంతా వాడల్లంట, నూరు కోళ్లయినా ఉండల్లంట. నూరు యాడినుంచి తెచ్చేది? నాయి పద్దెనిమిదే అని తిరిగొస్తి."

హులిగమ్మకు జాలేసింది. కానీ చేతి జిగట ఆరిపోతోంది. "మల్లొస్తాలే" అనేసి ఇంటికి నడిచింది. వేపగుంజకు కట్టేసిన జెర్సీ ఆవు కెంపి, ఆమె అడుగుల చప్పుడుకే తల తిప్పింది. హులిగమ్మ దాని పక్కన కూర్చుని, చేతిలో మిగిలిన తడినంతా దాని పొదుగుకు రాసింది. తన ఆవని ఇంకొంచెం ఎక్కువగానే రాసింది.

మంగళవారం పొద్దున కెంపి ఆమెను తన్నింది.

ఆరేళ్లలో ఎన్నడూ కాలెత్తని ఆవు. చెంబు దొర్లిపోయింది, హులిగమ్మ వెనక్కి పడింది. లేచి మళ్లీ చెయ్యేస్తే, పొదుగు వెనక సగం రాయిలా బిగిసిపోయి కాలుతోంది. మెల్లగా, బతిమాలుతూ పిండితే పాలకు బదులు పచ్చగా, పలచగా నీళ్లు వచ్చాయి. వాటిలో విరిగిన పాల తునకలు. ముందు చన్నుల్లో ఉన్న నాలుగు పాలూ గిన్నెలో పట్టి కాశప్పతో కేంద్రానికి పంపింది. అర్ధగంటలో కాశప్ప గిన్నెతోనే తిరిగొచ్చాడు.

"తిరుపాల్ ఎనక్కి పంపినాడు. కాంచితే ఇరిగిపోయినాయి. మనవే కాదులే, వాళ్ల ఎనుముకు గూడా వాచినాదంట. మాదన్న ఆవుకు, సుంకప్ప ఎనుములకు అంతే. బసన్న ఎనుము సన్నైతే నల్లగా తిరిగినాదంట."

హులిగమ్మ పసుపు నూరి, కలబంద చీల్చి ఆ గుజ్జు కలిపి పొదుగుకు పట్టు వేసింది. కెంపి వణికింది గానీ ఈసారి తన్నలేదు. మేత ముట్టలేదు. దూడ వచ్చి చన్ను పట్టుకోబోతే తల్లి పక్కకు తిరిగింది. దూడకు అర్థం కాలేదు, మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి హులిగమ్మే దాన్ని తీసుకుపోయి దూరంగా కట్టేసింది.

ఆ రోజుకు ఉమాదేవి కోళ్లు పదకొండు చచ్చాయి. గుంత తీసి పూడ్చిందట గానీ, నల్లరేగడి ఎండకు బిర్రబిగిసి గుంత లోతు దిగలేదు. కుక్కలు రెండింటిని పెళ్లగించి వీధిలోకి ఈడ్చుకొచ్చాయి. మాదన్న వాకిట్లో ఈకలు పడ్డాయి. అంతే చాలింది. ఆపద వచ్చినప్పుడు మనిషికి కారణం కంటే ముందు ఎవరో ఒకరు కావాలి. కోళ్లు ముందు చచ్చాయి, గొడ్లకు తర్వాత వచ్చింది. గొడ్లన్నీ ఆమె గడప ముందు నుంచే వంకకు పోతాయి. పాడి లేని మనిషి, రోజూ పొద్దునా సాయంత్రమూ గడపలో కూర్చుని నిండు పొదుగులు చూస్తూ ఉంటుంది. ఇన్ని కలిసొచ్చాక ఇంకా ఏం తేలాలి? సాయంత్రానికల్లా ఊరు తేల్చేసింది.

కాశప్ప అన్నం తింటూ ఆ మాటే చెప్పాడు. "ఆ యమ్మ కన్ను మంచిది కాదంటాండారు."

"కోళ్లు సచ్చి ఆమే ఏడుస్తాండాదే" అంది హులిగమ్మ.

"అదేలే. ఆమెకు పోయినాయి గాబట్టి మనవీ పోవల్లనుకునింటాది."

బుధవారం దీపశ్రీ వచ్చింది. మూడు ఊళ్లకు ఒకతే పశువైద్య సహాయకురాలు, ఎమ్మిగనూరు పిల్ల. స్కూటీ ముందు మందుల డబ్బా, వెనక బకెట్టు కట్టుకుని, వీధి మొదటి నుంచి ఒక్కో కొట్టమూ చూసుకుంటూ మధ్యాహ్నానికి కెంపి దగ్గరికి చేరింది. తిండి తిన్నట్టు లేదు. హులిగమ్మ మజ్జిగ ఇస్తే నిలబడే తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, చేతులకు సబ్బు రుద్దుకుంది.

"పెద్దమ్మా, నాలుగు సన్నుల పాలు ఏరే ఏరే సూడల్ల" అంటూ నాలుగు గుంతలున్న తెల్లని ప్లాస్టిక్ తట్ట తీసింది. ఒక్కో గుంతలో ఒక్కో చన్ను పాలు పిండి, సీసాలోని నీలం మందు పోసి, తట్టను మెల్లగా తిప్పింది. రెండు గుంతల్లో పాలు పాలలాగే తిరిగాయి. వెనక చన్నులవి రెండూ గంజి ముద్దలా చిక్కబడి గుంతకు అంటుకున్నాయి.

"ఇదీ పొదుగువాపు. ముందే తెలిసింటే నయమైపోయుండు. మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండి సూసుకుంటే పీసులు కనబడతాయి గదా. మీ ఊర్లో ఎవురికి సెప్పినా పాలు కింద పోయకూడదంటారు."

చెడిన చన్నులను పూర్తిగా పిండేసి, మొన తుడిచి, సన్నని గొట్టంతో మందు లోపలికి ఎక్కించింది. మెడకు సూది వేసింది. బకెట్లో నీళ్లు పోసి నాలుగు పర్మాంగనేటు పలుకులు వేస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ నీళ్లతో పొదుగు కడిగి గుడ్డతో అద్దింది. చేస్తున్నంతసేపూ చెబుతూనే ఉంది. బాగున్న పశువును ముందు పిండాలి, చెడినదాన్ని చివర పిండాలి. ఒక పశువుకూ ఇంకో పశువుకూ మధ్య చేయి కడగాలి. పిండగానే చన్నులు మందులో ముంచాలి.

"వస్తాదా పాపా? ఎనక సన్నులు మల్ల వస్తాయా?"

దీపశ్రీ డబ్బా మూత బిగించింది. "ఒకటి రావచ్చు. రెండోది ఎండిపోతాది పెద్దమ్మా. నీతో అబద్ధం ఏంటికి?"

ఆ తర్వాత నోట్‌బుక్ తీసి ఇళ్ల పేర్లు రాసుకుంటూ అడిగింది. "బసన్న ఎనుముకు ఈనకముందు నుంచే ఉన్నట్టుండాది. ఆ తరువాత ఈ నాలుగిండ్లు. అయిదిండ్లకూ ఒకే మనిషి పాలు పిండుతాండారా?"

హులిగమ్మ గట్టు మీది గ్లాసు చేతిలోకి తీసుకుంది. "ఏంటికి?" అంది.

"ఇది గాలికి వచ్చేది కాదు. పిండే సేతి నుంచి పోతాది. సెడిపోయిన పాలు సేతికి అంటుకోని, ఆ సెయ్యి ఇంగో పొదుగుకు తగిలితే సాలు."

"కోళ్ల నుంచి... కోళ్ల నుంచి రాదా?"

"కోళ్ల తెగులు కోళ్లదే. గొడ్డుకు రాదు. బసన్నకూ అదే సెప్పినా. అన్నీ ఇన్నాడు, మందులు తీసుకున్నాడు. మందు మందే, మొక్కు మొక్కే అన్నాడు." దీపశ్రీ నవ్వబోయి మానేసింది. "ఆ ఉమాదేవిది నాకు మనసులో ఉండాది. టీకా కోసం మూడుసార్లు వచ్చింది. నేనే తిప్పి పంపిస్తి."

స్కూటీ వీధి మలుపు తిరిగేదాకా హులిగమ్మ అక్కడే నిలబడింది. తర్వాత బకెట్టు దగ్గర కూలబడి కుడిచేతిని గులాబీ నీళ్లలో మణికట్టు దాకా ముంచింది. శనివారం పొద్దున ఆ చేయి నడిచిన దారంతా కళ్ల ముందు తిరిగింది. తిరుపాల్ ఇల్లు, మాదన్న ఇల్లు, సుంకప్ప ఇల్లు, తన ఇల్లు. ఏ గడప దాటిందో ఆ గడపలోనే వాపు. తను ఆగని ఇంట్లో ఒక్క పశువుకూ ఏమీ కాలేదు. దీనికి చదువు అక్కర్లేదు, వేళ్ల మీద లెక్క. నీళ్లలోంచి చేయి తీసేసరికి చర్మం గోధుమరంగుకు తిరిగింది. ఎంత రుద్దినా ఆ రంగు వదల్లేదు.

నేనే అని దీపశ్రీతో ఎందుకు చెప్పలేదు? నోటి దాకా వచ్చి ఎందుకు ఆగింది? ఇరవై ఏళ్లు ఊరు నెత్తిన పెట్టుకున్న చేయి ఇది అని, అంతకంటే వేరే కారణం లేదని ఆమెకు తెలుసు. తెలిసి సిగ్గుపడింది.

గురువారం ఊరు కూర్చుంది. మరుసటి రోజు శుక్రవారం ఊళ్లో తెగులు పోవడానికి మారెమ్మను సాగనంపాలని, ఉమాదేవి కోళ్లలో మిగిలినవాటిని పొలిమేర దాటించి వదిలేయాలని, ఆమె కూడా శనివారానికల్లా ఊరు విడిచి మొగుడి దగ్గరికి పోవాలని తీర్మానం అయింది. ఆమె మీద ఎవరికీ కోపం లేదట. బసన్న అట్లాగే చెప్పాడట, "ఆ యమ్మను ఎవురూ ఒక్క మాట అనకూడదు, మర్యాదగా పంపల్ల" అని. కాశప్ప అదంతా మెచ్చుకోలుగా చెబుతుంటే హులిగమ్మ వినలేకపోయింది.

"ఇదో, ఇటు సూడు. కోళ్లూ కాదు, కన్నూ కాదు. నేనే అంటించినా. బసన్న ఎనుము సన్ను సెడిపోయినాదని నా సేతికి తెలిసె. కడుక్కోకుండా ఇంటింటికీ పోయి పూసొస్తి. ఆ పాప సెప్పింది."

కాశప్ప తలుపు దగ్గరికి పోయి బయట ఎవరూ లేరని చూసుకుని వచ్చాడు.

"నువ్వేమన్నా కావల్లని చేసినావా?"

"కావల్లని చేయకుంటే కాకపోతాదా?"

"ఆవు పాడి ఎట్లనో పోయింది. పేరు గూడా పోగొట్టుకుంటావా? ఆ పేరు తప్ప మనకేముండాది, సెప్పు." అతని గొంతులో కోపం లేదు, బతిమాలడమే ఉంది. "ఆ యమ్మకు ఆదోనిలో మొగుడుండాడు. మనకు యాడుండారు?"

హులిగమ్మ ఆ పూట నోరు మూసుకుంది. మొగుడి మాటకు లొంగి మూసుకుందని చెప్పుకోవచ్చు. కానీ ఆ మాట వినగానే లోపల ఎక్కడో ఆమెకు కూడా ఊరట కలిగింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఊరటను మాత్రం ఆమె తనకు తాను క్షమించుకోలేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం తప్పెట మోగింది. ముందు ఇద్దరు వేపమండలతో, వెనక పసుపునీళ్ల బిందెతో, చేటతో, చీపురుతో ఆడవాళ్లు. అందరి పశువుల నుదుట కుంకుమ. ఉమాదేవి పాక ముందు అందరూ ఆగారు. ఎవరూ గద్దించనక్కర్లేకపోయింది. ఆమె తలస్నానం చేసి, తడిజుట్టుతో, కోళ్లను గంపలో పెట్టి, గంప మీద గోనె కట్టి సిద్ధంగా ఉంచింది. మిగిలిన ఏడు కోళ్లకూ తనే పసుపు రాసింది. చావు తప్పించుకున్న కోళ్లవి, వాటిని ఆ తెగులు మళ్లీ అంత తేలిగ్గా ముట్టదు. వాటితో ఆమె మళ్లీ మొదలుపెట్టుకుని ఉండేది.

మాదన్న గంప ఎత్తబోయాడు.

"ఆగప్పా" అంది హులిగమ్మ. జనంలోంచి ముందుకు వచ్చి గంప మీద చెయ్యేసింది. "తప్పెట ఆపండి. నేనొక మాట సెప్పల్ల."

తప్పెట ఆగింది. కాశప్ప వెనకనుంచి "హులిగీ" అన్నాడు. ఆమె తిరగలేదు.

"ఇది కోళ్లతో వచ్చింది కాదు. నాతో వచ్చింది. బసన్నన్నా, నీ ఎనుము ఎనక సన్ను కాలిపోతాండె, నీకు సెప్తి గదా? పీసులు పడె గదా? ఆ సెయ్యి కడుక్కోకుండా తిరుపాల్ ఇంటికి పోతి, మాదన్న ఇంటికి పోతి, సుంకప్ప ఇంటికి పోతి. నేను పోయిన ఇంట్లోనే వచ్చె. పోని ఇంట్లో రాలే. లెక్క పెట్టుకోండి. ఈ యమ్మది ఏ తప్పూ లేదు. పంపల్లంటే నన్ను పంపండి."

చెప్పేసింది. తిడతారనుకుంది. తిరుపాల్ భార్య మీదికొస్తుందనుకుంది, సుంకప్ప మన్ను పోస్తాడనుకుంది. పోయనీ, దానికే వచ్చింది.

ఎవరూ మీదికి రాలేదు. తిరుపాల్ భార్య కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎంత మంచి మనసక్కా నీది" అంది.

బసన్న దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి, నిజంగానే కరిగిపోయాడు. "సూడమ్మా, ఒకరి మీద మాట పడుతుంటే నువ్వు ఓర్సుకోలేవు. ఇరవై ఏండ్లుగా నిన్ను సూస్తాండాము. అయినా నువ్వే ఆలోసన చెయ్యి. నీ సెయ్యే సెడ్డదైతే నీ కెంపికి నువ్వే సేటు చేసుకుంటావా? అందరికంటే ఎక్కువ నీ ఆవుకే గదా వచ్చింది?"

అవునవునని తలలు ఊగాయి. ఆ ఒక్క మాటతో ఆమె చెప్పిందంతా కొట్టుకుపోయింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. అదే లోకం తను మెచ్చిన మనిషి కల్లు తాగుతున్నానని మొత్తుకున్నా పాలే అంటుంది. హులిగమ్మ ఉమాదేవి వైపు చూసింది. ఉమాదేవి తల దించుకుని నిలబడి ఉంది.

"ఆ పాప దీపశ్రీని పిలిపించండి, ఆమే సెప్తాది" అంది హులిగమ్మ చివరికి.

"ఆ పాప మందు ఆ పాప ఏసింది. ఎవురు కాదన్నారు?" అంటూ బసన్న తప్పెట వాడికి సైగ చేశాడు.

కాశప్ప వచ్చి ఆమె చేతిని గంప మీదనుంచి మెల్లగా తీశాడు. మాదన్న గంప ఎత్తుకున్నాడు. గోనె కింద కోళ్లు ఒకదానిమీదొకటి పడి కొక్కొక్కుమన్నాయి. ఊరేగింపు వంక దాటి పొలిమేర రాయి వైపు సాగింది. పసుపునీళ్లు దారిపొడవునా చల్లుకుంటూ పోయారు. గంపను రాయి అవతల వదిలి, ఎవరూ వెనక్కి చూడకుండా తిరిగొచ్చారు. కోళ్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. తెలుసుకోకూడదు కూడా.

శనివారం పొద్దున్నే హులిగమ్మ కెంపిని పిండింది. చేతులు సబ్బుతో రుద్ది, ముందు ధారలు నల్లగుడ్డ మీద చూసి, ముందు రెండు చన్నులూ పిండి, తర్వాత వెనకవి పట్టింది. ఒకదాంట్లో తునకలు తగ్గాయి. ఇంకొకటి చల్లగా, మెత్తగా, తోలుసంచిలా వేలాడుతోంది. ఎంత లాగినా దాంట్లోంచి ఏమీ రాలేదు. అన్నీ మందులో ముంచి లేచి, పెంట మీద గుడ్డ కాల్చేసి, వీధి చివరికి నడిచింది.

తిట్టించుకోవడానికే పోయింది. ఊరు ఇవ్వని తిట్టు ఉమాదేవి ఒక్కతే ఇవ్వగలదు. ఆమె ఒక్కతికే ఆ హక్కు ఉంది. నీ వల్ల నాకు మిగిలిన కోళ్లు కూడా పోయాయి, నా ఊరు పోయింది, నీ పేరు కోసం గురువారమంతా నోరు మూసుకున్నావు అని ముఖం మీద అడిగితే, కాళ్లు పట్టుకుందామనుకుంది.

పాక ముందు రెండు మూటలు, ఒక ప్లాస్టిక్ బిందె ఉన్నాయి. దుర్గప్ప రోడ్డు మీదికి ఆటో కోసం పోయాడు. ఉమాదేవి ఖాళీ గంపల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి పాక గోడకు ఆనించింది. పోయే ఇల్లే అయినా గడప ముందు చిమ్మి ఉంది.

"రాక్కా, కూచో. నీళ్లియ్యడానికి గ్లాసులు గూడా కట్టేస్తి" అంది నొచ్చుకుంటూ.

హులిగమ్మ కూర్చోలేదు. "ఉమాదేవీ, నిన్న నేను సెప్పింది నిజం. నిన్ను కాపాడల్లని సెప్పింది కాదు. నిజంగానే నా సేతి నుంచే అంటినాది. నాకు బుధవారమే తెలుసు. తెలిసి ఒక దినమంతా సెప్పలేదు. నువ్వు నన్ను తిట్టు."

ఉమాదేవి ఆమె వైపు వింతగా, కొంచెం జాలిగా చూసింది. చిన్నపిల్లను సముదాయించినట్టు చేయి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టింది.

"ఎందుకక్కా నీకీ బాధ? నాకు తెల్దా?" గొంతు తగ్గించింది. "నేను ఎవురికీ సెప్పలే, నీకు సెప్తాండా. నీ కెంపి రోజూ ఇట్ల పోతాంటే నేను దాని పొదుగు దిక్కే సూస్తాంటి. కండ్లు తిప్పుకోవల్ల అనుకుంటి, తిప్పుకోలేకపోతి. దేవుడా, ఇట్లాంటిది నాకొకటి ఉంటే అనుకుంటి. ఒక్క దినం కాదు, మూడేండ్లు అనుకుంటి. ఇంగ తగలకుండా ఉంటాదా?"

"అది కాదు. కన్నుతో రాదు అది. ఆ పాప సెప్పింది, సేతితోనే..."

"ఆ పాప సదువుకునింది అట్ల. నా కండ్లు నాకు తెల్దా అక్కా? నా కోళ్లను గూడా అట్లనే సూసుకుంటి. గుడ్డు మీద గుడ్డు పెడతాంటే ఎంత మురిసిపోతి! అవీ పోయె." ఉమాదేవి ఏడవడం లేదు. ఎన్నాళ్లుగానో తెలిసిన సంగతిని ఇప్పుడు బయటికి చెబుతున్నట్టు నెమ్మదిగా చెబుతోంది. "ఊరు సెప్పింది నిజమే. బసన్నన్న మంచోడు గాబట్టి మర్యాదగా పంపుతాండాడు."

హులిగమ్మకు అరవాలనిపించింది. ఈ మనిషిని భుజాలు పట్టుకుని ఊపాలనిపించింది. నిన్న ఊరంతా కలిసి తన మాట కాదన్నప్పుడు కూడా ఇంత దిక్కుతోచకుండా పోలేదు. అప్పుడు ఈమె ఒకతి ఉందనుకుంది. నిజం చెప్పడానికి మిగిలిన చివరి చోటు ఇదే, ఇది కూడా మూసుకుపోయింది.

రోడ్డు వైపు నుంచి ఆటో చప్పుడు వినిపించింది. ఉమాదేవి లేచి, మూట మీద చెయ్యేసి, ఏదో అడగాలా వద్దా అని తటపటాయించింది. మళ్లీ వచ్చి హులిగమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అక్కా, కాదనొద్దు. పోయే ముందు ఈ సెయ్యి ఒక్కసారి నా కండ్ల మీద పెట్టు. ఆదోనిలో మేముండబోయే సందులో గూడా ఆవులుండాయంట. నేను సూస్తే వాటికేమీ కాకూడదు."

హులిగమ్మ చేయి వెనక్కి లాక్కోబోయింది. ఉమాదేవి వదల్లేదు. ఇంకా గోధుమరంగు వదలని ఆ అరచేతిని రెండు చేతులా పట్టుకుని, తన కళ్ల మీద గట్టిగా అదుముకుంది. చేతి కింద రెప్పలు వెచ్చగా, తడిగా కదిలాయి. ఆటో వచ్చి పాక ముందు ఆగింది. దుర్గప్ప దిగి, మూటలు ఎక్కించి, పెళ్లాన్ని పిలవబోయి, అది చూసి చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు.